సిస్టరమ్మ ఆదివారపు గ్లాసు

మొన్న శనివారం పొద్దున కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది సిస్టరమ్మ చెల్లెలి కూతురు. "టీచరమ్మా, పెద్దమ్మ పోయింది. కాఫీ ఇయ్యను పోతే లేయలేదు. సాయంత్రం మూడుకి మన్ను చేస్తాండాము. వస్తారా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టాక ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. మదనపల్లెలో ఆమె కోసం బాధపడే మనిషి నేను కాక ఇంకొకరు గుర్తుకు రాలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మదనపల్లెలో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. కింద ఓనరు కుటుంబం, మొదటి అంతస్తులో నేను, మేడ మీది రేకుల గదిలో ఆమె. నేను పుంగనూరులో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున్నే బస్సెక్కి పోయి, సాయంత్రానికి తిరిగి వస్తాను. ఒకప్పుడు పెళ్ళయింది, నిలవలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఆమెది పెద్దపంజాణి దగ్గర పల్లె. చిన్న వయసులోనే మఠంలో చేరి, నర్సు పని నేర్చుకుంది. మఠం వాళ్ళు ఇటలీకి పంపితే, అక్కడ కొండల మధ్య ఉన్న ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో పాతికేళ్ళకు పైగా పని చేసింది. తల్లి మంచాన పడిందని తెలిసి వచ్చింది. తల్లి పోయాక మళ్ళీ వెళ్ళలేదు. మఠం ఎందుకు వదిలేశారని ఒకసారి అడిగాను. "వదల్లేదమ్మా. సెలవు పెట్టి వచ్చినా. ఆ సెలవు ఇంకా అయిపోలా" అంది. అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవారు. నాదీ అదే పిలుపు.

మొదట్లో మా మధ్య మెట్ల మీద పలకరింపులే. ఒక ఆదివారం మధ్యాహ్నం నీళ్ళ మోటారు సంగతి అడుగుదామని మేడ మీదికి వెళ్ళాను. ఆమె చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చుని ఉంది. పళ్ళెంలో టమోటాలు, వెల్లుల్లి కలిపి మగ్గబెట్టిన గుజ్జు, అందులో లావుపాటి సేమియా లాంటిది. పక్కన నీళ్ళ గ్లాసులో నేరేడు రంగుది ఏదో, రెండు వేళ్ళ ఎత్తున.

"టానిక్కా సిస్టరమ్మా?" అన్నాను.

"కాదమ్మా, వైను" అంది, మజ్జిగ అన్నంత మామూలుగా. "కూసో. నీకూ కొంచెం పోస్తా. తాగొద్దులే, వాసన సూడు సాలు."

వెళ్ళిపోదామనుకున్నాను. కాని ఆ వారమంతటిలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆమె. కూర్చున్నాను.

"ఏమొస్తాండాది?"

"సారా వాసన."

ఆమె నవ్వలేదు. "అది పైపైది. దాన్ని పోనీ. గ్లాసు కొంచెం తిప్పి మల్లా సూడు. నీకు తెలిసిందే సెప్పు."

ఈసారి నేరేడు పండు వాసన వచ్చింది. తర్వాత బెల్లం పాకం. ఇంకాసేపటికి ఏదో బాగా తెలిసిన వాసన తగిలింది కానీ పేరు దొరకలేదు. ఆమె తొందర పెట్టలేదు. తన పళ్ళెం చల్లారుతున్నా చెంచా ముట్టుకోకుండా నా ముఖం చూస్తూ కూర్చుంది. చివరికి "తడిపిన పలక" అన్నాను. తల ఊపి, ఇక ఒక్క గుటక నోట్లో పెట్టుకుని మింగకుండా ఉండమంది. చిగుళ్ళు బిగుసుకున్నాయి. నాలుక మీద పీచు అంటుకున్నట్టయింది. ముఖం చిట్లించాను.

"ఏమైనాది? ఆ మాట సెప్పు."

"వగరు."

"ఆ. వగరు" అని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "ఈ మాటని ఇంకొకరి నోట్లో ఇని ఎన్నేండ్లయినాదో."

ఆ రోజే ఆమె ఇటలీ సంగతి చెప్పింది. వెళ్ళిన కొత్తలో ఆ ఊళ్ళో తెలుగు మాట వినిపించేది కాదు. ఇంటి నుంచి ఉత్తరం ఎప్పుడో ఒకటి. ఆశ్రమంలో కాళ్ళు పడిపోయిన ఒక రైతు ముసలామె ఉండేది. మధ్యాహ్నం భోజనంతో కొంచెం వైను ఆమెకు అలవాటు, డాక్టరూ వద్దనలేదు. సిస్టరమ్మ గ్లాసు పట్టి తాగించాలి. ముసలామె మాత్రం ముందు నువ్వు వాసన చూడు, ఏముందో చెప్పు అని సైగ చేసేదట. వాళ్ళ భాష రాని సిస్టరమ్మ తెలుగులోనే చెప్పేది. నేరేడు. బెల్లం. వగరు. ఆ చివరి మాటను ముసలామె తిరిగి అనడానికి ప్రయత్నించి, "వగారో" అనేదట. రోజూ ఆ కాసేపు మాత్రమే తను తెలుగు మాట్లాడేది. "వైను మీద మోజు కాదమ్మా. మాటలు మర్సిపోతానేమో అని భయం" అంది సిస్టరమ్మ.

చల్లారిన గుజ్జులోంచి నాకొక ముద్ద పెట్టి, తిన్నాక మళ్ళీ తాగమంది. ఈసారి వగరు మెత్తబడింది. టమోటా పులుపు పక్కన పండు రుచి ముందుకొచ్చింది. అదే గ్లాసు, అదే వైను. నమ్మలేక ఇంకొక ముద్ద తిన్నాను. "ఇది ఒట్టిగా తాగే సరుకు కాదు. తిండి పక్కన కూసునేది" అంది.

ఆ ద్రాక్ష పేరు మోంతెపుల్చానో. అదే పేరుతో ఇటలీలో ఒక ఊరు కూడా ఉందని, ఆ ఊరి వైను వేరే ద్రాక్షతో చేస్తారని, తెలియనివాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారని చెప్పింది. ఇది గొప్పవాళ్ళ బల్లల మీద కనిపించేది కాదట. మేస్త్రీలు, లారీ డ్రైవర్లు, తోట పనివాళ్ళు మధ్యాహ్నం భోజనంతో తాగేది. బెంగళూరులో దొరికే ఇటలీ సీసాల్లో చవక రకం అదే. కంటి పరీక్షకని నెలకోసారి బెంగళూరు వెళ్ళినప్పుడు వారానికొకటి లెక్కన నాలుగు సీసాలు తువ్వాళ్ళలో చుట్టి తెచ్చుకునేది.

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు నేను మేడ మీదే. ఆమెకు కొన్ని పద్ధతులుండేవి. పొద్దున చర్చికి పోయే ముందు సీసాకు తడిగుడ్డ చుట్టి, నీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టేది. తినడానికి గంట ముందు బిరడా తీసి వదిలేసేది. గ్లాసు వెనక తెల్లటి దిండు గలీబు పట్టుకుని రంగు చూపించేది. అంచు దగ్గర వంకాయ రంగు కనబడితే కొత్త వైను, ఇటుక రంగుకి తిరిగితే వయసైనది. తాగేది ఒక్క గ్లాసు, అదీ సగమే. ఇంకొంచెం పోయమని నేనొకసారి అడిగితే, "రెండో గ్లాసుకి ముక్కు పని సేయదు. అప్పుడు తాగేది మందే" అని సీసా మూసేసింది. మిగిలినదాన్ని మంగళవారం ఒకసారి రుచి చూసి, "అలిసిపోయినాది" అని మటన్ కూరలో పోసేది.

బాగుంది అనే మాట ఆమె దగ్గర చెల్లేది కాదు. "బాగుండాదంటే నాకేం తెలుస్తాది? ఏముండాదో సెప్పు" అనేది. తర్వాత నేను ఆ మాటను బడికి తీసుకుపోయాను. మామిడిపండు గురించి బాగుంది, తియ్యగా ఉంది అనకుండా రాయమని తొమ్మిదో తరగతికి చెప్పాను. ఒక అమ్మాయి 'తొడిమ దగ్గర దీపం నూనె వాసన వస్తుంది' అని రాసింది. ఆ నోట్సు తెచ్చి సిస్టరమ్మకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

ఒక శనివారం ఆమె బస్సులో నాతో పుంగనూరుకు వచ్చింది. నీళ్ళ గ్లాసుల్లో వాసన నిలవదని, సరైనవి కొనాలని. బస్టాండు దగ్గర పాత్రల అంగట్లోకి వెళ్ళాం. అంగడి భాయ్ నా విద్యార్థినుల్లో ఒకమ్మాయి తండ్రి.

"షర్బత్ గ్లాసులా అమ్మా?" అన్నాడు భాయ్.

"కాదప్పా, వైనుకి" అంది సిస్టరమ్మ.

నేను పక్కనున్న స్టీలు డబ్బాల వైపు తిరిగిపోయాను, ఆమెతో రానట్టు. భాయ్ మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా, "మేము తాగేది లేదు. అయితే పల్చ గాజు కావాలంటారు జనం" అని పై అరలోంచి కాడ ఉన్న గ్లాసులు రెండు దించి, అంచు మీద వేలితో మీటి మోగించి చూపించాడు. తిరుగు బస్సులో సిస్టరమ్మ, "అంత భయమైతే యాల వచ్చినావు?" అంది. కోపంగా కాదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ భయమే తర్వాత ఆమె ఒక్కదాన్నే ఇల్లు విడిపించింది. ఖాళీ సీసాలు కడిగి గోనెసంచిలో వేసి మెట్ల మలుపులో పెట్టేది, పాత సామాన్లవాడు వస్తే ఇద్దామని. శ్రావణమాసంలో ఓనరు ఇంట్లో వ్రతం. చుట్టాలు చాలామంది వచ్చారు. ఎవరో కుర్చీలు దించుతూ సంచిని తన్నారు. సీసాలు మెట్ల మీదుగా దొర్లుకుంటూ కిందికి వచ్చాయి. రెండు పగిలాయి. మిగిలినవి పసుపు రాసిన గడప ముందు ఆగాయి.

అలికిడికి నేను తలుపు తీశాను. ఓనరు భార్య మెట్ల కింద నిలబడి పైకి చూస్తోంది. ఆమె వెనక చుట్టాలు.

"టీచరమ్మా, ఇవి యెవురివి?"

"నాకు తెలియదు" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నేను పైకి చూడలేదు. సిస్టరమ్మ మేడ మెట్ల దగ్గరికి అప్పటికే వచ్చి ఉంది. "నావేనమ్మా. అన్నీ నావే" అంటూ దిగి వచ్చి, ఒంగి గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఆమె నా గడప ముందు నుంచే దిగింది. నేను తలుపు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ఓనరు మేడ మీదికి వెళ్ళి మర్యాదగానే చెప్పాడు. "ఇంట్లో ఆడబిడ్డలుండారు సిస్టరమ్మా. పదిమంది నోళ్ళలో పడినాము. మీరు ఇంకో ఇల్లు సూసుకోండి." ఆమె నెలాఖరుకు ఖాళీ చేసింది. సామాను ఆటో వచ్చే రోజు నాకు తెలుసు. ఆ రోజు నేను మామూలుగా ఎక్కే బస్సు కాక, అంతకు ముందు బస్సు ఎక్కి పుంగనూరు వెళ్ళిపోయాను. బడి గేటు ఇంకా తీయలేదు. బయట అరుగు మీద కూర్చున్నాను.

ఆ తర్వాతి ఆదివారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. అన్నం వండుకునేదాన్ని, పేపర్లు దిద్దుకునేదాన్ని. మేడ మీది గదికి ఎవరూ రాలేదు. గాలికి రేకు కొట్టుకునే చప్పుడుకి తల ఎత్తేదాన్ని. ఎవరితో మాట్లాడకుండా శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా గడిచిపోతోందని ఒకసారి గమనించాను. కండక్టరుతో "పుంగనూరు ఒకటి" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎనిమిది నెలలు పట్టింది నాకు కుప్పం వెళ్ళడానికి. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా వెళ్ళాను. రైల్వే స్టేషనుకు దగ్గరలో చెల్లెలి కూతురి ఇంటి వెనక ఒక గదిలో ఉండేది. నన్ను చూసి, "బస్సులో కూసోను సీటు దొరికినాదా?" అని అడిగింది. మంచినీళ్ళిచ్చింది. తాగాక చెప్పాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను సిస్టరమ్మా."

"ఆడనే ఉంటి కదమ్మా, ఇన్నాను."

"నన్ను తిట్టలేదు మీరు."

"నువ్వు నిజం సెప్పుంటే ఇద్దరికీ ఇల్లు పోయేది. అది నాకు అర్థమైనాది." నా చేతిలోని గ్లాసు తీసుకుంది. "కానీ సీసా పెంకులు ఏరేటప్పుడు నీ తలుపు తెరుస్తావేమో అని సూసినా. తెరిసి ఒక సీపురు ఇచ్చినా సాలనుకున్నా. బాధ పడలేదని సెప్తే అది నా అబద్ధమైతాది."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, లేచి టమోటాలు తరగడానికి కూర్చుంది. కాసేపయ్యాక నా వైపు చిన్న గిన్నె జరిపి, "వెల్లుల్లి వొలుచు" అంది. ఆదివారం అది.

ఆ తర్వాత నెలకొక ఆదివారం కుప్పం వెళ్ళేదాన్ని. చెల్లెలి అల్లుడు రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయివచ్చేవాడు, అతనే సీసా తెచ్చి పెట్టేవాడు. రెండో ఏడు ఆమెకు జ్వరం వచ్చింది. పది రోజులకు తగ్గింది కానీ వాసన పోయింది. నేను వెళ్ళేసరికి పొయ్యి మీద పప్పు మాడి గదంతా కమురు వాసన. ఆమె దాని పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. డాక్టర్లు కొన్నాళ్ళకు వస్తుందన్నారు. రాలేదు.

"నాలుకకి పులుపు తెలుస్తాది. వగరు తెలుస్తాది. మిగిలిందంతా పోయినాది" అంది. గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండి, కింద పెట్టింది. ఆమె ముఖంలో అంత దిగులు ఇల్లు ఖాళీ చేసినప్పుడు కూడా ఉండి ఉండదు. అయినా అప్పుడు నేను చూడలేదు కదా.

"ఇంక తేవద్దని అల్లునికి సెప్పేస్తా" అంది.

"వాసన నేను చెప్తాను. మీరు తాగండి" అన్నాను.

ఆమె నన్ను చూసింది. "లేనిది ఉండాదని సెప్పగూడదు."

"చెప్పను."

కళ్ళు మూసుకుని గుటక నోట్లో పెట్టుకుంది. నేను నా గ్లాసులో వెతికి ఒక్కొక్కటే చెప్పాను. నేరేడు ఉంది. రేగొడియాల పులుపు వాసన ఉంది. కొంచెం మిరియం. ఇంకా ఏదో పచ్చి వాసన, ఆకు లాంటిది. తేలడానికి సమయం పట్టింది. "టమోటా చెట్టు ఆకు నలిపితే వస్తుంది చూడండి, అది" అన్నాను.

ఆమె కళ్ళు తెరవలేదు. "మాయమ్మ సేతులు" అంది. "కూలికి టమోటాలు కోసను పోయేది. సాయంత్రానికి సేతులు ఆకుపచ్చగా, నల్లగా అయిపోయేవి. సబ్బుతో తోమినా పోయేది కాదు. ఆ సేత్తోనే మాకు ముద్దలు పెడతాండె. మంచాన పడినాక ఎంతగా సూసినా ఆ సేతుల్లో ఆ వాసన లేదు." ఇన్నేళ్ళలో తల్లి గురించి ఆమె నాతో అన్నదంతా అంతే. తర్వాత మెల్లగా గ్లాసు ఖాళీ చేసింది.

అలా ఏడాదికి పైగా నేను చెప్పాను, ఆమె తాగింది. చివరిసారి గత నెలలో. గలీబు ముందు రంగు సరిగానే కనిపించింది. గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోగానే తడిసిన అట్టపెట్టె వాసన. పండు లేదు, ఏమీ లేదు. బిరడా చెడితే వైను అలా అవుతుందని ఆమే ఒకప్పుడు చెప్పింది. సిస్టరమ్మ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. వారం క్రితమే ఆసుపత్రి నుంచి వచ్చింది, ఆ మధ్యాహ్నం కోసం తల దువ్వించుకుని కూర్చుంది. నేరేడు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నాలుక చివరి దాకా వచ్చింది.

"ఈ సీసా చెడిపోయింది సిస్టరమ్మా. అట్టపెట్టె వాసన."

ఆమె కళ్ళు తెరిచి, చాలా రోజుల తర్వాత నవ్వింది. "నువ్వు ఆలస్యం సేస్తాంటే భయపడితిని" అంది. "పారబొయ్. రసంతో తిందాము." ఆ పూట చారన్నం తిన్నాం. నేను బయల్దేరేటప్పుడు నా చేతిని కాసేపు పట్టుకుని వదిలింది.

శనివారం ఫోన్ వచ్చాక తాళం వేసి దిగుతుంటే ఓనరు భార్య ముగ్గు డబ్బాతో గడప దగ్గర ఉంది. రెండో శనివారం బడి లేదు కదా, యాడికి అని అడిగింది. కుప్పానికి, సిస్టరమ్మ పోయిందన్నాను. అయ్యో పాపం అంది. మరో మెట్టు దిగి ఆగాను.

"ఆ సీసాలు ఆమె ఒక్కదానివి కావు. ఆ వైను నేనూ తాగాను. ఆ రోజు తెలియదని అబద్ధం చెప్పాను."

ఆమె ముగ్గు డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. అప్పటికి అందుకు సిద్ధపడ్డాను కూడా.

"ఇప్పుడు సెప్తే ఏమొస్తాదమ్మా" అంది చివరికి, చిన్న గొంతుతో. వంగి ముగ్గు వేయడంలో పడింది. గేటు నేనే వేసుకుని బస్టాండుకు నడిచాను.

కుప్పం చేరి సమాధుల దగ్గరికి వెళ్ళేసరికి పెట్టె మూసేశారు. చెల్లెలి కూతురు, అల్లుడు, వాళ్ళ ఇరుగుపొరుగు కొందరు, ఫాదరు గారు, నేను. అందరం కలిపి పదిమందిమి కూడా కాము. ఆయన చిన్న ప్రార్థన చేసి, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అన్నారు. ఎవరూ కదల్లేదు. నేను ముందుకు వచ్చి, ఈమె నాకు వాసనలకు పేర్లు పెట్టడం నేర్పిందని, వైను రుచి చూడడం నేర్పిందని, నేను ఈమెను ఒకసారి కాపాడలేదని చెప్పాను. ఇరుగుపొరుగు వాళ్ళు వింటున్నట్టు తల ఊపారు. అల్లుడు నీళ్ళ బిందె కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. ఆ మాట వినవలసిన మనిషి పెట్టెలో ఉంది.

అందరం పిడికెడు మన్ను వేశాం. కుప్ప మీద నీళ్ళు చల్లి, బంతిపూల దండ ఒకటి పెట్టారు. ఎండ ఇంకా ఉంది. అందరూ రోడ్డు మీదికి వచ్చి, బస్సుకు టైమైందని నన్ను ఆటో ఎక్కించారు. ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. మనుషులంతా వెళ్ళిపోయారు. ఎవరిదో నల్ల మేక ఒకటి తడి మట్టి కుప్ప మీదికి ముందుకాళ్ళు ఎత్తి పెట్టి, దండలోంచి ఒక్కొక్క పువ్వే లాగి నములుతోంది. దాన్ని తోలడానికి అక్కడ ఎవరూ లేరు.